‘మత్తడి జానెడు’ ఏ టైపు? ఒక ఫోర్ట్రాన్ ప్రాజెక్టు డైరీ

జూన్ 8, 2025, ఆదివారం

ఇవాళ మిరుగు, అంటే మృగశిర కార్తె. పొద్దున హన్మకొండలో చేపల కోసం లైన్‌లో నిలబడి వచ్చి, తిన్నాక కూర్చున్నాను. చాలా రోజులుగా వాయిదా పడుతున్న పని ఇది.

నా దగ్గర రెండు వస్తువులున్నాయి. ఒకటి, పరకాల దాటి లోపలికి ఉండే మా అమ్మమ్మ వాళ్ల ఊరి చెరువు పుస్తకం. 2016 నుంచి 2024 దాకా ఆ ఊరి నీరటి తాత (చెరువు నీళ్లు చూసుకునే ఆయన) వానాకాలంలో రోజూ చెరువు నీటిమట్టం రాసిపెట్టాడు. ఫొటోలు తీసుకొచ్చి నేనే టైప్ చేశాను, 1,140 వరుసలు వచ్చాయి. రెండోది, అప్పటి ఆర్‌ఈసీలో (ఇప్పటి వరంగల్ ఎన్‌ఐటీ) చదువుకున్న మా మామ 1980ల్లో ఫోర్ట్రాన్ 77 అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రామ్. నీటిమట్టం ఇస్తే చెరువులో ఎన్ని నీళ్లున్నాయో, మత్తడి (చెరువు నిండితే అదనపు నీళ్లు పొర్లిపోయే గోడ) మీదుగా ఎన్ని నీళ్లు పోయాయో లెక్కగట్టి చెబుతుంది.

మాది గొలుసు చెరువుల నేల. పై చెరువు మత్తడి పడితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి. కాబట్టి ఈ చెరువు ఏటా కిందికి ఎంత వదిలిందో తెలిస్తే కింది ఊరి వాళ్లకు కూడా పనికొస్తుంది. నాకు కావలసిన అంకె అదే.

మామ ప్రోగ్రామ్‌ను జీఫోర్ట్రాన్ అనే కంపైలర్‌తో (ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్) కంపైల్ చేస్తే కొన్ని హెచ్చరికలతో నడిచింది. సంతోషమేసింది. కానీ జవాబు చూస్తే, తొమ్మిదేళ్లలో ఈ చెరువు ఒక్కసారి కూడా మత్తడి పడలేదట. 2023 జులైలో కూడా మొత్తం సున్నా. ఆ నెలాఖరులో మా అమ్మమ్మ ఇంటి వెనక రోడ్డు తెగిపోయి నాలుగు రోజులు ఆ ఊరికి పోలేకపోయాం.

కారణం వెంటనే దొరికింది. నీటిమట్టం ఉండాల్సిన చోట కొన్ని రోజులు అంకె లేదు, మాటలున్నాయి. ‘మత్తడి బెత్తెడు’, ‘మత్తడి జానెడు’, ‘మోకాలు’. టైప్ చేసేటప్పుడు ఇవి ప్రోగ్రామ్‌కు ఎక్కవని నేను వాటి స్థానంలో మైనస్ 999 పెట్టాను. ప్రోగ్రామ్ వాటిని కొలత లేని రోజులుగా వదిలేసింది. చెరువు నిండి పొర్లిన ప్రతి రోజూ తాత మాటల్లోనే రాశాడు. అంటే నేను చెరిపేసింది సరిగ్గా నాకు కావలసిన రోజులనే.

మాటలు తిరిగి పెట్టాలి. అంకెలు, మాటలు, తేదీలు అన్నీ ఒకే అర్రేలో, అంటే గడుల వరుసలో, ఎలా ఉంటాయన్నది ఇప్పుడు ప్రశ్న.

జూన్ 10, మంగళవారం

మామ అర్రే ఎలా కట్టాడో ముందు చదివాను. 400 వరుసలు, 6 నిలువు వరుసల ఒకే ఒక రియల్ (దశాంశ సంఖ్యల) అర్రే. మొదటి గడిలో తేదీ, తర్వాత నీటిమట్టం, వాన, తెరిచిన తూముల సంఖ్య. చివరి రెండు గడుల్లో ఊరి పేరు. అవును, రియల్ గడిలోనే పేరు! నాలుగేసి ఇంగ్లిష్ అక్షరాలుగా విరిచి, ఒక్కో ముక్కను ఒక్కో గడిలోకి చదివించాడు. గడికి నాలుగు బైట్లు, అక్షరానికి ఒక బైటు. లోపల ఉన్నవి బిట్లే కాబట్టి ఇరుక్కుంటాయి. మళ్లీ అక్షరాలుగానే అచ్చు వేసినంత కాలం బాగుంటుంది, పొరపాటున దాంతో కూడికలు చేయిస్తే అర్థంలేని అంకె వస్తుంది.

ఫోన్ చేసి అడిగితే మామ అన్నాడు: “ఒక్క అర్రే ఉంటే అన్ని సబ్‌రొటీన్లకు అదొక్కటి పంపితే అయిపోతుండె. అప్పట్ల డిరైవ్డ్ టైపులు యాడున్నయి?” సబ్‌రొటీన్ అంటే ప్రోగ్రామ్‌లో ఒక్కో పని చేసే భాగం; డిరైవ్డ్ టైపు అంటే వేరు వేరు రకాల విలువలను కలిపి మనమే కట్టుకునే టైపు. నిజమే, అవి ఫోర్ట్రాన్ 90తో వచ్చాయి.

ఫోర్ట్రాన్‌లో అర్రే అంటే ఒకే టైపు గడులు మెమరీలో పక్కపక్కనే ఉండడం. 1957లో జాన్ బాకస్ బృందం ఐబీఎం 704 కోసం మొదటి కంపైలర్ ఇచ్చినప్పటి నుంచీ సంగతి అదే. అన్ని గడులూ ఒకే సైజు కాబట్టి వెయ్యో గడి ఎక్కడుందో ఒక గుణకారం, ఒక కూడికతో దొరుకుతుంది. దాని వేగమంతా అందులోనే ఉంది. ఒక గడిలో అంకె, పక్క గడిలో వాక్యం పెడితే ఆ గుణకారం పనిచేయదు.

సరే, ముందు అంకెలైనా సరిగ్గా వస్తున్నాయా అని 2023 జులై వరుసలన్నీ అచ్చు వేయించాను. చివరి వరుసలో తేదీ 20230732 అని ఉంది.

జులై 32. రెండు గంటలు టైపింగ్ తప్పు కోసం వెతికాను. ఫైల్‌లో 20230731 అనే ఉంది. పైకి చూస్తే ఇంకా ఉన్నాయి. 27, 28, 29 మూడు రోజులూ 28గా మారాయి. 23, 25 రెండూ 24 అయ్యాయి. 26, 30 మాత్రం చక్కగా ఉన్నాయి. సరి సంఖ్యలకు ఏమీ కాలేదు, బేసి సంఖ్యలు మాత్రమే జరిగాయి.

అప్పుడు వెలిగింది. మామూలు రియల్‌కు 32 బిట్లు, అందులో అంకె కచ్చితత్వానికి దక్కేవి 24. రెండుకు 24వ ఘాతం 1,67,77,216. అక్కడిదాకా ప్రతి పూర్ణాంకం కచ్చితంగా నిలుస్తుంది, అది దాటాక రెండేసి అంగలే. 2,02,30,727 దాన్ని ఎప్పుడో దాటింది. బేసి సంఖ్యకు గడి లేదు కాబట్టి అటో ఇటో సరి సంఖ్యకు జరగాలి. రెండు వైపులా సమాన దూరం ఉంటే చివరి బిట్ సున్నా అయ్యే వైపు జరగడం నియమం. అందుకే 27 పైకి, 29 కిందికి జరిగి 28 దగ్గర కలిశాయి.

తప్పు మామది కాదు. ఆయన తేదీకి ఆరంకెలు వాడాడు. 860714 ఆ హద్దుకు చాలా లోపల ఉంటుంది. ఎనిమిదంకెలు పెట్టింది నేను. ఆరంకెల మీద పెట్టుకున్న నమ్మకాన్ని ఎనిమిదంకెలకు మోసుకెళ్లాను.

ఆ మూడు రోజులు కలిసిపోవడం నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. 2023 జులై 27 అంటే ఈ వైపు వాళ్లెవరూ మర్చిపోరు. ఆ పొద్దుటికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి వైపు మోరంచపల్లి నీట మునిగింది. అలాంటి రోజుకు నా ప్రోగ్రామ్‌లో చోటే లేకుండా పోయింది.

జూన్ 11

అర్రేను డబుల్ ప్రెసిషన్‌కు, అంటే 64 బిట్ల రియల్‌కు మార్చాను. కచ్చితత్వానికి 53 బిట్లు వస్తాయి, ఎనిమిదంకెల తేదీ హాయిగా ఇముడుతుంది. 27 మళ్లీ 27 అయింది. కానీ తేదీ రియల్ గడిలో ఉండడమే నాకు నచ్చడం లేదు. తేదీ ఇంటిజర్, అంటే పూర్ణాంకం. దాన్ని దాని టైపులోనే ఉంచాలి.

జూన్ 14, శనివారం

ఊరికి పోయాను. తాతకు ఇప్పుడు కట్ట ఎక్కే ఓపిక లేదు, ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. అయినా పుస్తకం తీస్తే ప్రతి పేజీ గుర్తుంది ఆయనకు.

నా లిస్టులో ఒక అనుమానం ఉంది. 2019 సెప్టెంబరులో వరసగా మూడు రోజులు 12.8, 12.9, 12.1 అని ఉంది. నిండుతున్న చెరువు ఒక్క రాత్రిలో అంత ఎలా దిగిందని అడిగాను. తాత పేజీ మీద వేలు పెట్టి చూపించాడు. అక్కడున్నది 12.10.

“అది పన్నెండు పాయింటు పది కాదు బిడ్డా. పన్నెండడుగుల పదంగుళాలు.”

ఎంత సేపు చూసినా కళ్లకు కనిపించని తప్పు ఇది. నేను 12.10 అనే టైప్ చేశాను. ప్రోగ్రామ్ దాన్ని రియల్‌గా చదవగానే చివరి సున్నాకు విలువ లేదనుకుని 12.1 చేసింది. పదంగుళాలు కాస్తా ఒక్క అంగుళమయ్యాయి. 12.11 ఉన్న రోజు 12.9 కన్నా తక్కువైంది. డబుల్ ప్రెసిషన్ కాదు కదా, ఇంకెన్ని బిట్లిచ్చినా ఇది బాగుపడదు, ఎందుకంటే అది దశాంశమే కాదు. చుక్కతో విడదీసిన రెండు పూర్ణాంకాలు. దానికి సొంత టైపు కావాలి, అందులో అడుగులకు ఒక ఇంటిజర్, అంగుళాలకు ఒక ఇంటిజర్.

ఇక అసలు ప్రశ్న అడిగాను. మత్తడి పడ్డ రోజుల్లో అంకె ఎందుకు రాయలేదు తాతా?

“నీళ్లు మత్తడి దుంకినంక ఆ రాయికాడికి ఎవలు పోతరు? పోయినా రాయి మునిగే ఉంటది. మత్తడి మీద ఎంత పోతుందో గదే జూస్తం.”

తూము దగ్గరి కొలత రాయి మీద 14 అడుగుల వరకే గీతలున్నాయి. 14 అంటే నిండు చెరువు. అది దాటితే కొలిచే చోటే మారిపోతుంది. మత్తడి గోడ మీద చేయి పెట్టి చూసేవాడట. టేపు తీసుకుని ఆయన చేతిని కొలిచాను. బెత్తెడు 3 అంగుళాలు, జాన 9 అంగుళాలు. మోకాలు దగ్గర ఆయన నవ్వి లేచి నిలబడ్డాడు: 18 అంగుళాలు. మత్తడి పొడవు ఆయన కొడుకూ నేనూ కలిసి కొలిస్తే 20 మీటర్లు వచ్చింది.

‘జానెడు’ అనేది నేననుకున్నట్టు వివరణ కాదు, కొలతే. వేరే చోట, వేరే సాధనంతో తీసిన కొలత.

జూన్ 15, ఆదివారం

ఫోర్ట్రాన్ 2003లో ‘క్లాస్ స్టార్’ అని ఒకటి వచ్చింది. క్లాస్ అని రాసి బ్రాకెట్లో నక్షత్రం గుర్తు పెడితే, ఆ వేరియబుల్‌లో ఏ టైపు విలువైనా ఉండొచ్చు. చదవగానే నా సమస్య తీరిందనుకుని క్లాస్ స్టార్ అర్రే ఒకటి ప్రకటించాను.

కుదరలేదు. క్లాస్ స్టార్ అర్రే అంటే అర్రే మొత్తం ఏదో ఒక టైపు అవుతుంది, ఏదవుతుందన్నది ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తేలుతుంది. ఇంటిజర్‌గా కేటాయిస్తే పది గడులూ ఇంటిజర్లే. మూడో గడికి మాత్రం వేరే విలువ ఇవ్వబోతే కంపైలర్ ఒప్పుకోలేదు. గడి గడికీ టైపు మారే అర్రే కాదది. ఇక్కడ చాలామంది ఆగిపోతారనుకుంటాను, నేనూ సాయంత్రం దాకా ఆగిపోయాను.

దారి ఏమిటంటే, ముందు ఒక పెట్టె చేసుకోవాలి. పెట్టె అంటే ఒక డిరైవ్డ్ టైపు. అందులో ఒకే ఒక సభ్యుడు, అలొకేటబుల్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు చోటు కేటాయించుకునే) క్లాస్ స్టార్. తర్వాత ఆ పెట్టెల అర్రే కట్టాలి. ఇప్పుడు అర్రే నియమం చెడలేదు, అన్ని గడులూ పెట్టెలే, ఒకే సైజు. పెట్టెలో మాత్రం ఎవరి సరుకు వాళ్లది. మొదటి పెట్టెలో ఇంటిజర్, రెండో దాంట్లో నా అడుగు-అంగుళం టైపు, మూడో దాంట్లో ‘మత్తడి జానెడు’ అనే మాట. అలొకేట్ చేసేటప్పుడు సోర్స్ అని విలువ ఇస్తే టైపూ విలువా రెండూ పెట్టెలోకి వెళ్తాయి. జీఫోర్ట్రాన్ 7 నుంచి నేరుగా సమానం గుర్తు పెట్టినా తీసుకుంటుంది, కానీ నేను సోర్స్‌తోనే రాశాను, పాత కంపైలర్ ఉన్న వాళ్లకూ పనిచేయాలి.

పెట్టెల సరుకు పక్కపక్కన ఉండదు, మెమరీలో ఎక్కడెక్కడో ఉంటుంది. పెద్ద లెక్కల్లో ఇది నెమ్మది. నా 1,140 వరుసలకు తేడా కనిపించనే లేదు.

జూన్ 17

చిన్న పని అనుకున్నది రాత్రి పదకొండు దాకా పట్టింది. ‘మత్తడి’ అని పోల్చి చూస్తే ఒక్క వరుసా దొరకదు! అచ్చు వేస్తే ‘మత్తడ’ అని, పక్కన ఒక చెడిపోయిన గుర్తు.

మాట చదవడానికి నేను 16 పొడవున్న క్యారెక్టర్ (అక్షరాల) వేరియబుల్ పెట్టాను. ఫోర్ట్రాన్ ఇక్కడ లెక్కపెట్టేది బైట్లు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. మత్తడిలో మ, త, పొల్లు, త, డ, గుడి కలిపి ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. 16 దగ్గర కోస్తే గుడి తెగిపోతుంది. వరుసను పెద్ద వేరియబుల్‌లోకి చదివి, అందులోంచి మాటను పొడవు ముందే చెప్పనక్కరలేని అలొకేటబుల్ క్యారెక్టర్‌లోకి తీసుకున్నాను. సరిపోయింది. తెలుగులో డేటా పెట్టుకునే వాళ్లు పొడవు వేసేటప్పుడు ‘అక్షరాలు ఇంటూ మూడు’ అని కూడా నమ్మొద్దు. మనం ఒక్క అక్షరం అనుకునే ‘త్త’ మూడు గుర్తులు, తొమ్మిది బైట్లు.

జూన్ 21, శనివారం

పెట్టెలో పెట్టడం సులువు, తీయడం కష్టం. పెట్టెలో ఏముందో కంపైలర్‌కు తెలియదు కాబట్టి నేరుగా కూడలేం, కనీసం అచ్చు కూడా వేయలేం. సెలెక్ట్ టైప్ అని రాసి, ఇంటిజర్ అయితే ఇది చెయ్, రియల్ అయితే ఇది చెయ్ అని విడివిడిగా చెప్పాలి. క్యారెక్టర్‌కు పొడవు దగ్గర నక్షత్రం పెట్టాలి.

అలాగే రాశాను. నడిపితే నీటిమట్టాలు వచ్చాయి, మాటలు వచ్చాయి, వాన మొత్తం మాత్రం సున్నా. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు.

వానను నేను డబుల్ ప్రెసిషన్‌లో చదివి పెట్టెలో పెట్టాను. తీసేటప్పుడు ఒట్టి రియల్ అని రాశాను. మనకు రెండూ రియలే, సెలెక్ట్ టైప్‌కు మాత్రం అవి రెండు వేరు వేరు టైపులు. కైండ్ (ఎన్ని బిట్ల రియల్ అన్నది) కలవకపోతే ఆ కొమ్మలోకి పోదు. ఏ కొమ్మా కలవని పెట్టెలన్నీ చివరి క్లాస్ డిఫాల్ట్‌లోకి పోయాయి. అక్కడ నేనేమీ రాయలేదు, కాబట్టి ఏమీ జరగలేదు.

మామూలు లెక్కల్లో రియల్, డబుల్ కలిపితే కంపైలరే మార్చుకుంటుంది. ఆ అలవాటుతో ఇక్కడికి వస్తే మునుగుతాం. ఇప్పుడు నా ప్రోగ్రామ్‌లో ప్రతి క్లాస్ డిఫాల్ట్‌లోనూ వరుస నంబరు చూపించి ఆగిపోయే ఎర్రర్ స్టాప్ ఉంది. తప్పు జవాబుతో నడవడం కన్నా అక్కడే ఆగడం నాకు నయం.

జూన్ 22, ఆదివారం

రాత్రంతా ఒకటే ఆలోచన. క్లాస్ స్టార్ పెట్టె దేన్నైనా తీసుకుంటుంది, అదే దాని లోపం. తాత పుస్తకంలో ఏది పడితే అది లేదు. చూసి లెక్కపెడితే నీటిమట్టం గడిలో మూడే రకాలున్నాయి: రాయి మీద కొలత, మత్తడి మీద కొలత, ఇంకా ‘పోలేదు’ అనే మాట. అలాంటప్పుడు ఏదైనా పట్టే పెట్టె ఎందుకు?

పొద్దున్నే మార్చేశాను. ‘నమోదు’ అనే ఒక తల్లి టైపు, దాని నుంచి ఈ మూడు పిల్ల టైపులు. కంపైలర్ కోసం పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టాను. పెట్టెలో ఇప్పుడు క్లాస్ స్టార్ బదులు క్లాస్ నమోదు ఉంది. ఈ మూడు తప్ప ఇంకేదైనా పెట్టబోతే కంపైలర్ దగ్గరే ఆగుతుంది. ప్రతి పిల్ల టైపూ ఒకే ప్రశ్నకు తన పద్ధతిలో జవాబిస్తుంది: మత్తడి మీద నీళ్లు ఎంత లోతు? రాయి కొలత 14 అడుగుల్లోపైతే సున్నా అంటుంది. మత్తడి కొలత తన అంగుళాలను మీటర్లలోకి మార్చి చెబుతుంది. ‘పోలేదు’ మాత్రం కొలవలేదని చెబుతుంది. సెలెక్ట్ టైప్ దాదాపు అంతా పోయింది.

తేదీ, వాన, తూముల సంఖ్య ఈ పెట్టెల్లో లేవు. అవి ప్రతి రోజూ ఒకే టైపు, కాబట్టి వరుస టైపులో వాటి పేర్లతో మామూలు సభ్యులుగా ఉంచాను. నీటిమట్టం ఒక్కటే పెట్టె. ఫైల్ చదవడం అయ్యాక లోతులన్నీ ఒక మామూలు డబుల్ ప్రెసిషన్ అర్రేలోకి, ‘కొలిచారా’ అనేది ఒక లాజికల్ (అవును/కాదు) అర్రేలోకి తీసి మామ సబ్‌రొటీన్లకు అవే ఇచ్చాను. రియల్‌ను డబుల్ చేయడం తప్ప ఆయన లెక్కల్లో ఒక్క గీత కూడా మార్చలేదు.

మత్తడి లెక్క మామ రాసిందే: 1.7 ఇంటూ మత్తడి పొడవు ఇంటూ లోతుకు ఒకటిన్నర ఘాతం. జానెడు లోతు అంటే 0.2286 మీటర్లు. 20 మీటర్ల మత్తడి మీద సెకనుకు సుమారు 3.7 ఘనపు మీటర్లు, రోజుకు 3.2 లక్షల ఘనపు మీటర్లు. బెత్తెడు జానలో మూడో వంతే, కానీ నీళ్లు ఐదో వంతుకు తగ్గుతాయి, రోజుకు సుమారు 62 వేలు. ఈ రెండు మాటలనూ మొన్నటిదాకా మైనస్ 999 అని ఒకే గాటన కట్టాను.

సాయంత్రం 2023 జులై నడిపాను. 26న బెత్తెడు. 29న మోకాలు. 30, 31 తేదీల్లో జానెడు. నాలుగు రోజులకు 16.12 లక్షల ఘనపు మీటర్లు.

27, 28 తేదీల్లో తాత ‘పోలేదు’ అని రాశాడు. రెండు రోజులూ ఆ ఒక్క మాటే. ముందురోజు, మర్నాటి లోతులు చూసి మధ్యలో అంచనా కట్టమని మామ సలహా ఇచ్చాడు. ఆ రెండు రోజులకు మాత్రం వద్దన్నాను. 26న బెత్తెడు, 29న మోకాలు ఉంటే మధ్యలో ఎంత లేచి దిగిందో ఆ రెండు కొలతలు చెప్పలేవు. అవి ఆ ఏడాదికే పెద్ద రోజులు. మామ కాసేపు ఆలోచించి, “సరే, గట్లనే ఉంచు” అన్నాడు.

అందుకని మొత్తం అచ్చయ్యే చోట ఇంకో వరుస చేర్చాను. ఇప్పుడు జులై కింద ఇలా వస్తుంది: మత్తడి మీదుగా 16.12 లక్షల ఘనపు మీటర్లు, మత్తడి కొలిచిన రోజులు 4, పోలేని రోజులు 2, తేదీలు 20230727, 20230728.